అచ్చు బొమ్మకు రంగు దిద్దడం: ఇంట్లో చేసే శుభాకాంక్షల కార్డుల కోసం

రబ్బరు స్టాంపుతో కార్డు మీద బొమ్మ అచ్చు వేసి, దానికి రంగులు దిద్దడం నేర్చుకుందామని వచ్చేవారు ముందుగా అడిగేది "ఏ రంగులు కొనమంటారు?" అని. ఏ రంగులైనా పరవాలేదు, ముందు మీ ఇంకు ఏమిటో చూడండి అంటాను నేను. నల్లటి గీత నీళ్లకు కరిగి గులాబీ రేకంతా బూడిద రంగుకు తిరిగినా, మార్కరు కొన తాకగానే గీత చెదిరి పచ్చటి ఆకులోకి నలుపు పాకినా, తప్పు రంగుది కాదు, చేతిదీ కాదు. ఇంకుకూ రంగుకూ పొత్తు కుదరలేదు, అంతే.

మాది బందరు. మా బంధువర్గంలో పెళ్లయినా, సీమంతమైనా, సంక్రాంతి వచ్చినా కార్డులు నా చేతి మీదుగానే వెళతాయి. వేసవి సెలవుల్లో వీధి పిల్లలు, వారి వెంట తల్లులు కూడా వచ్చి కూర్చుంటారు. ఇంకు సంగతి నాకు బాగా బోధపడింది మాత్రం పక్కనే ఉన్న పెడనలో, కలంకారీ అద్దకం చూసినప్పుడు. కరక్కాయ నీళ్లలో నానబెట్టి ఆరవేసిన బట్ట మీద ముందు నల్ల గీతల అచ్చు పడుతుంది. ఇనుప ముక్కలు, బెల్లం కలిపి పులియబెట్టిన ద్రావణం అది. బట్టలోని కరక్కాయ సారంతో కలిసి నల్లబడి గట్టిగా పట్టుకుంటుంది. తరువాత ఎన్నిసార్లు ఉడికించినా, ఏట్లో జాడించినా ఆ గీత కదలదు. కదలదన్న భరోసా ఉంది కనుకనే దాని మీద ఎరుపు, పసుపు, నీలం ధైర్యంగా వేస్తారు. కార్డు మీద మనం చేసేదీ ఇదే పని. గీత ముందు, రంగు తరువాత. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ వేయించిన తొలి క్రిస్మస్ కార్డు కూడా ఇలాగే తయారైంది. జాన్ హార్స్‌లీ గీసిన బొమ్మ గీతలను అచ్చు వేసి, రంగులు మాత్రం చేత్తో దిద్దారు.

ఇంకు, రంగు: ఏది దేనితో

నీటి రంగులు వేయాలనుకుంటే ఆరాక నీటికి కరగని ఇంకు కావాలి. వెర్సాఫైన్ లాంటి పిగ్మెంటు ఇంకు (కరగని రంగు పొడితో చేసిన ఇంకు) ప్యాడ్లు, ఆర్కైవల్ (చాలాకాలం నిలిచే) రకం ప్యాడ్లు ఇందుకు పనికొస్తాయి. గీత సన్నగా, చిక్కటి నలుపుతో వస్తుంది. పిగ్మెంటు ఇంకు ఆరడానికి సమయం తీసుకుంటుంది. మా తీర ప్రాంతంలో వర్షాకాలంలో గాలిలోనే తడి ఉంటుంది కనుక నేను సాయంత్రం అచ్చు వేసి, రంగు మరునాడే మొదలుపెడతాను.

ఆల్కహాల్ మార్కర్లకు, అంటే నీళ్లకు బదులు ఆల్కహాల్‌తో చేసిన ఇంకున్న మార్కర్లకు, ఇది తలకిందులవుతుంది. నీళ్లకు నిలిచిన వెర్సాఫైన్ మార్కరు తగిలితే పూసుకుపోతుంది. అక్కడ మెమెంటో లాంటి డై ఇంకు (కరిగిన రంగుతో చేసిన ఇంకు) నిలుస్తుంది. అదే మెమెంటో మీద తడి కుంచె నడిపితే గీత కరుగుతుంది. స్టేజాన్ లాంటి సాల్వెంటు (రసాయన ద్రావకం) ఇంకు నీళ్లకు కదలదు గాని, దానిలో ఉన్నదే సాల్వెంటు కనుక మార్కరుకు లొంగిపోతుంది. రంగు పెన్సిళ్లకు ఈ పట్టింపు లేదు, ఏ ఇంకైనా సరే బాగా ఆరితే చాలు. అందుకే కొత్తవారిని పెన్సిళ్లతో మొదలుపెట్టమంటాను.

ఆఫీసుల్లో ముద్రలు వేసే ఊదా, నీలం ప్యాడ్లను మాత్రం కార్డులకు వాడకండి. చవకగా దొరుకుతాయి, నిజమే. కాని వాటి ఇంకు తడికి కారిపోతుంది, ఎండకు వెలిసిపోతుంది. పెళ్లి కార్డును పదేళ్లు దాచుకునేవారు ఉంటారు, వారి చేతిలో ఖాళీ కాగితం మిగలకూడదు.

ప్యాడ్ కొనే స్తోమత లేకపోతే ఇంకో దారి ఉంది. నల్లటి ఆక్రిలిక్ రంగును స్పాంజి ముక్క మీద పలుచగా పరిచి, దానితో స్టాంపుకు అద్దండి. ఆరిన ఆక్రిలిక్ నీళ్లకు కదలదు, కనుక పైన నీటి రంగు హాయిగా వేసుకోవచ్చు. అచ్చు వేసిన వెంటనే స్టాంపు కడగాలి, ఆ రంగు గీతల మధ్య ఎండితే మళ్లీ ఊడదు. పోస్టరు రంగుతో ఈ పని కాదు. అది ఆరినా తడి తగిలితే లేస్తుంది.

కొత్త ప్యాడ్ ఏది కొన్నా, కార్డుకు వాడే కాగితం ముక్క మీదే అచ్చు వేసి, పూర్తిగా ఆరనిచ్చి, సగం మీద తడి కుంచె, సగం మీద మార్కరు నడిపి చూడండి. ఆ ముక్క వెనుక ఇంకు పేరు రాసి ప్యాడ్ డబ్బాలోనే ఉంచండి. డబ్బా మీద రాసిన మాటకంటే ఆ ముక్క చెప్పేది నమ్మదగింది.

కాగితం

నీటి రంగులకు 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే) కాగితం తీసుకోండి. అంతకంటే పలుచనిది తడికి ఉబ్బి వంకరపోతుంది. ఈ కాగితాల్లో కోల్డ్ ప్రెస్, హాట్ ప్రెస్ అని రెండు రకాలు. అంగట్లో ఎక్కువగా దొరికేది కోల్డ్ ప్రెస్. దాని గరుకు మీద సన్నని గీతల స్టాంపు ముక్కలు ముక్కలుగా పడుతుంది. హాట్ ప్రెస్ నున్నగా ఉంటుంది, కనురెప్ప గీత కూడా తెగకుండా దిగుతుంది. అచ్చు బొమ్మలకు నా ఓటు దానికే. అది దొరకనప్పుడు కోల్డ్ ప్రెస్ షీటు వెనుకవైపు తడిమి చూడండి. చాలా రకాల్లో వెనుకవైపు గరుకు తక్కువ.

నూలు పీచుతో చేసిన కాగితం ఖరీదెక్కువ. తడిని చాలాసేపు పట్టి ఉంచుతుంది, ఒక పొర మీద మరో పొర వేసినా కింది రంగు లేవదు. చెక్క గుజ్జు కాగితం త్వరగా ఆరిపోతుంది, రెండు మూడు పొరలకే పైపొర నలిగి నూగు లేస్తుంది. నేర్చుకునేటప్పుడు గుజ్జు కాగితం, పంపే కార్డుకు నూలు కాగితం అని నేను పెట్టుకున్న లెక్క. పెన్సిళ్లకు కాస్త పట్టున్న నున్నటి కార్డు చాలు. మరీ జారిపోయే మెరుపు కాగితం మీద పెన్సిలు మైనం నిలవదు.

అచ్చు వేయడం

రబ్బరు స్టాంపును ప్యాడ్ మీద గట్టిగా ఒత్తే అలవాటు ముద్రలు వేసే గుమాస్తాల నుంచి మనకు వచ్చింది. దానివల్ల ఇంకు గీతల పక్కనున్న గుంటల్లోకి దిగి, కార్డు మీద మరకలు పడతాయి. స్టాంపును వెల్లకిలా పెట్టి, ప్యాడ్‌నే దాని మీద మెల్లగా తట్టండి. వెలుతురుకు ఎదురుగా వంచి చూస్తే ఎక్కడ ఇంకు పట్టలేదో మెరుపులో తెలిసిపోతుంది. తరువాత స్టాంపును కాగితం మీద నిలువుగా దించి, వేళ్లతో మధ్య నుంచి అంచులకు ఒత్తి, నిలువుగానే ఎత్తాలి. అటూ ఇటూ ఊపితే గీత రెండుగా పడుతుంది.

పారదర్శకమైన కొత్త స్టాంపుల మీద తయారీలో మిగిలిన జిడ్డు పొర ఉంటుంది. ఇంకు దాని మీద చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. పెన్సిలు గీతలు చెరిపే రబ్బరుతో ఒకసారి మెల్లగా రుద్ది, తుడిచి వాడితే ఇంకు సమంగా పరుచుకుంటుంది.

ఇక చెక్క అచ్చులు. పెడనలో టేకు చెక్క మీద చెక్కే ఈ అచ్చులంటే నాకు ప్రాణం. చిలుకలు, తామరలు, మామిడి పిందెలు, అల్లుకుపోయే తీగలు, ఒక్కో అచ్చులో ఒక్కో చేతివాటం కనిపిస్తుంది. బట్టకు చెక్కిన అచ్చు గీత కాస్త లావుగా ఉంటుంది. కార్డుకు చిన్న అచ్చు చెక్కించుకోవాలంటే అది కాగితానికని ముందే చెప్పండి, గీత సన్నం చేస్తారు. పూర్తి బొమ్మకు గీతల అచ్చు ఒకటి, ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు ఉంటాయి. మనకు గీతల అచ్చు ఒక్కటి చాలు. అద్దకం బల్ల మీద బట్ట కింద మెత్తటి పరుపు ఉంటుంది, చెక్క గట్టిది కనుక కింద మెత్తదనం లేకపోతే ముద్ర సమంగా పడదు. కార్డు కింద కూడా పాత దుప్పటి నాలుగు మడతలు వేసి పెట్టండి. బట్టలా కాగితం రంగును పీల్చుకోదు కనుక అచ్చుకు అద్దే రంగు తక్కువగా ఉండాలి.

గీత ఎక్కడైనా తెగితే మళ్లీ అదే చోట అచ్చు వేసే ప్రయత్నం చేయకండి. నీటికి కరగని సన్నని పెన్ను తీసుకుని తెగినచోట కలపండి. సకురా మైక్రాన్ 005 కొన 0.20 మిల్లీమీటర్లు ఉంటుంది, రబ్బరు స్టాంపు గీతతో చక్కగా కలిసిపోతుంది.

ఒక బొమ్మ వెనుక మరో బొమ్మ ఉన్నట్టు చూపాలంటే ముందున్నదాన్ని ముందు అచ్చు వేయండి. అదే బొమ్మను వెనుక అంచున జిగురున్న చిన్న చీటీ మీద కూడా అచ్చు వేసి, గీత వెంబడి కత్తిరించి, కార్డు మీది బొమ్మకు కప్పండి. ఇప్పుడు దాని మీదుగా రెండో అచ్చు వేసి చీటీ తీసేస్తే, తామర పువ్వు వెనుక ఆకు దాగినట్టు వస్తుంది. చీటీని గీతకు ఒక వెంట్రుకవాసి లోపలికి కత్తిరిస్తే మధ్యలో తెల్ల సందు మిగలదు.

వెలుతురు ఎటు నుంచి?

రంగు ముట్టుకునే ముందు కార్డు మూలన పెన్సిలుతో చిన్న బాణం గుర్తు వేయండి. వెలుతురు ఆ వైపు నుంచి వస్తోంది అన్నమాట. నేను ఎప్పుడూ ఎడమ పై మూల నుంచి వేస్తాను, అలవాటైతే ఆలోచించనక్కరలేదు. బాణానికి ఎదురుగా ఉన్న చోట లేత రంగు, అవతలి వైపు ముదురు, ఒకటి మరొకదాని కిందికి దూరిన చోట మరీ ముదురు. పువ్వుకు ఎడమ నుంచి వెలుతురు వేసి, పక్కనున్న చిలుకకు కుడి నుంచి వేస్తే, రెండూ ఎంత చక్కగా దిద్దినా బొమ్మ అతకదు. ఎందుకు బాగోలేదో చూసేవారు చెప్పలేరు గాని, కన్ను పట్టేస్తుంది.

నీడకు నలుపు కలపకండి. రంగు చచ్చిపోతుంది. ఎరుపు నీడకు కాస్త ఆకుపచ్చ, పసుపు నీడకు కాస్త ఊదా, ఇలా ఎదుటి రంగును చుక్క కలిపితే చాలు. రంగు మందగిస్తుంది, మురికి పట్టదు.

తామర పువ్వు, నీటి రంగులతో

దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే తామర కుదిరితే మిగిలిన పూలన్నీ కుదురుతాయి. పువ్వు మధ్యలో ముదురు, అంచుల్లో లేత అని చాలా పాఠాల్లో చెబుతారు. మందారానికి అది సరిపోతుంది. తామరకు కాదు. చెరువు గట్టున నిలబడి చూడండి. రేకు కొనలో గులాబీ చిక్కగా ఉండి, కిందికి దిగే కొద్దీ పలచబడి, రేకు మొదలు దగ్గర తెలుపుకు, ఇంకా లోపల లేత పసుపుకు తిరుగుతుంది. గులాబీ రంగు సన్నని ఈనెల వెంబడి దిగుతుంది. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే అచ్చు ఎవరిదైనా పువ్వు మీదవుతుంది.

పళ్లెంలో క్రిమ్సన్ (చిక్కటి గులాబీ ఎరుపు), గాంబోజ్ పసుపు, శాప్ గ్రీన్, అల్ట్రామెరీన్ నీలం వేరువేరుగా కలుపుకోండి. 4వ నంబరు గుండ్రటి కుంచె ఒకటి, చిన్న రేకులకు 2వ నంబరుది ఒకటి, రెండు గిన్నెల నీళ్లు. ఒకటి కుంచె కడగడానికి, మరొకటి శుభ్రమైన తడికి. మసకబారిన నీళ్లతో పువ్వు వేస్తే పువ్వు మసకబారుతుంది.

ఒక రేకు తీసుకుని, గీత లోపల శుభ్రమైన నీళ్లు నింపండి. కాగితం తళతళలాడుతుంది. అప్పుడే రంగు వేయకండి. ఆ తళుకు కాస్త తగ్గి, పట్టు చీరలాంటి మెత్తని నిగారింపు మిగిలేదాకా ఆగండి. ఇప్పుడు కుంచె కొనతో క్రిమ్సన్ తీసి రేకు కొన దగ్గర తాకించండి. కార్డును కొన పైకి ఉండేలా కాస్త వంచితే రంగు తనంతట తానే మొదలు వైపు జారుతుంది. సగం దూరం రాగానే చదునుగా పెట్టేయండి. అది ఆగాల్సిన చోట ఆగుతుంది. కుంచెను కడిగి, గుడ్డకు అద్ది, ఆ తడి కుంచెతో రంగు ఆగిన అంచును ఒక్కసారి తాకితే గీత లేకుండా తెలుపులోకి కలిసిపోతుంది.

ఇక ఆ రేకును వదిలేయండి. ఆరుతున్నప్పుడు మళ్లీ ముట్టుకోవాలనిపిస్తుంది, ముట్టుకోకూడదు. సగం ఆరిన రంగులో తడి చుక్క పడితే అది రంగును చుట్టూ నెట్టేసి, అంచులు చిట్లిన మరకగా మిగులుతుంది. పక్క రేకు కూడా ఇప్పుడే వద్దు, తడి తడిని వెతుక్కుంటుంది కనుక రెండు రేకుల రంగులూ కలిసిపోతాయి. ఒకటి విడిచి ఒకటి వేసుకుంటూ పోయి, మొదటివి ఆరాక మిగిలినవి పూర్తి చేయండి.

అంతా ఆరాక రెండో పొర. క్రిమ్సన్‌లో శాప్ గ్రీన్ చుక్క కలిపి పలుచన చేసి, ముందు రేకు కింద దాగిన వెనుక రేకు భాగంలో మాత్రమే సన్నగా వేయండి. ముందు రేకు కార్డు నుంచి లేచి నిలబడుతుంది. 2వ నంబరు కుంచెతో కొన నుంచి కిందికి నాలుగైదు ఈనెలు, చేయి ఆనించకుండా. రేకు మొదలు దగ్గరి పసుపు ఛాయను అన్నిటికంటే ఆఖరున వేయండి.

తామరాకు ఆకుపచ్చలో నీలం ఛాయ ఉంటుంది, పైన సన్నని బూడిద పూతలాంటిది ఉంటుంది. శాప్ గ్రీన్‌లో అల్ట్రామెరీన్ కాస్త కలిపి, నీళ్లు ఎక్కువ పోసి వేస్తే ఆ చల్లదనం వస్తుంది. మామిడాకులా మధ్య ఈనె గీయకండి. తామరాకు కాడ ఆకు నడుమ అతికి ఉంటుంది, ఈనెలన్నీ అక్కడి నుంచే చుట్టూ విరజిమ్మినట్టు వెళతాయి.

తామరాకు మీద నీటిబొట్టు లేకుండా ఎలా? బొట్టుకు వేరే రంగు అక్కరలేదు. ఆకు రంగునే వాడి, గుండ్రంగా చిన్న బొట్టు గీసి, లోపల వెలుతురు వచ్చే వైపు ముదురు, అవతలి వైపు లేత. ఆకుకూ, పువ్వుకూ వేసినదానికి ఇది సరిగ్గా ఎదురు. బొట్టులోంచి వెలుతురు దూరి అవతలి అంచున తేలుతుంది కనుక అలా. బొట్టు బయట, వెలుతురుకు అవతల, సన్నని నీడ. చివరగా ముదురు వైపున తెల్ల జెల్ పెన్నుతో ఒక్క చుక్క. యూనీబాల్ సిగ్నో తెలుపు బాగా కప్పుతుంది. ఆ చుక్క పడగానే పిల్లలు "తడి తగులుతుందేమో" అని వేలు పెట్టి చూస్తారు.

చిలుక, రంగు పెన్సిళ్లతో

పెన్సిలు పని ఓపిక పని. గట్టిగా నొక్కితే కాగితం గరుకు అణగిపోయి, పైన మరో పొర పట్టదు. కొన సన్నగా చెక్కుకుని, బరువు మోపకుండా, పొర మీద పొర వేయాలి. రామచిలుకకు ముందు ఒళ్లంతా పసుపు. ఎందుకంటే మన చిలుక ఆకుపచ్చలో పసుపే ఎక్కువ. దాని మీద లేత ఆకుపచ్చ, ఈకలు పెరిగే దిశలోనే చిన్న చిన్న గీతలుగా, తల నుంచి తోక వైపు. రెక్క కిందా, పొట్ట అడుగునా ముదురు ఆకుపచ్చ, దాని మీద నీలం. తోక పొడవునా నీలం ఛాయ. ముక్కు ఎరుపు, వంపు మీద తెలుపు వదిలేయండి. మగ చిలుకకు మాత్రమే మెడ చుట్టూ నల్లని పట్టీ, మెడ వెనుక గులాబీ రంగు ఉంటాయి. పెళ్లి కార్డుకు జంట చిలుకలు వేస్తే ఒకదానికే ఆ పట్టీ వేయండి, జంట అని వేరే చెప్పనక్కరలేదు.

పొరలన్నీ పడ్డాక తెల్ల పెన్సిలుతోగాని, అన్నిటికంటే లేత రంగుతోగాని కాస్త ఒత్తి రుద్దితే కాగితపు తెల్ల చుక్కలు మూసుకుని రంగు నున్నబడుతుంది. లేదా వాసన లేని మినరల్ స్పిరిట్‌ను (పెయింటు పలుచన చేసే ద్రావకాన్ని) కాగితపు చుట్ట కొనకు ఒక చుక్క అద్ది రుద్దినా రంగు కరిగి కలుస్తుంది. ఆ పని కిటికీ తెరిచి చేయండి, పిల్లలకు ఇవ్వకండి. మైనం ఎక్కువగా ఉన్న పెన్సిళ్లతో దట్టంగా వేస్తే కొన్నాళ్లకు ముదురు రంగుల మీద తెల్లటి పొగలాంటి పొర వస్తుంది. మెత్తని గుడ్డతో తుడిస్తే పోతుంది. పాలీక్రోమోస్ లాంటి నూనె పెన్సిళ్లకు ఈ బెడద ఉండదు, ధరే ఎక్కువ. డోమ్స్, కేమ్లిన్ పెన్సిళ్లతోనూ చక్కటి కార్డులు చేయవచ్చు, పొరలు ఎక్కువ వేయాలి, అంతే.

ముఖాలు, చేతులు

ముగ్గు వేస్తున్న అమ్మాయి, హరిదాసు, గంగిరెద్దులవాడు, ఇలాంటి బొమ్మలకు వచ్చేసరికి పిల్లలు పెట్టెలోంచి లేత గులాబీ పెన్సిలు తీసి "ఇది స్కిన్ కలర్, పిన్నీ" అంటారు. నేను వెంటనే "నీ చెయ్యి దాని పక్కన పెట్టి చూడమ్మా" అంటాను. ఆ రంగు మన ఇళ్లలో ఎవరి ఒంటిదీ కాదు. అలాంటి కార్డు అందుకున్న పిల్ల తన ముఖం అందులో చూసుకోలేదు. నాకు ఇది చిన్న విషయం కాదు.

ఎల్లో ఓకర్‌లో (మట్టి పసుపులో) బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు) కలిపి నీళ్లతో పలుచన చేస్తే మన చామనఛాయ వస్తుంది. సియెన్నా పెంచితే ఇంకా ముదురు, ఓకర్ పెంచితే పసిమి. నీడకు అందులోనే అల్ట్రామెరీన్ కొసరు. బుగ్గలకు గులాబీ కాదు, ఇటుక ఎరుపు. నుదురు, ముక్కు దూలం, బుగ్గ ఎముక, భుజం అంచు ఈ చోట్ల మొదటి పొరను అలాగే లేతగా ఉంచండి. అరచేతులు, పాదాల అడుగు ఒంటికంటే లేతగా ఉంటాయి. పెళ్లికూతురి బొమ్మకైతే ఆ అరచేతిలో గోరింట ఎరుపు చుక్క, పాదాల అంచున పారాణి.

మార్కర్లు, ఎంబాసింగ్

ఆల్కహాల్ మార్కర్లు త్వరగా పని కానిస్తాయి. కాపిక్ లాంటివి ఖరీదైనవి, చవక రకాలూ ఉన్నాయి. లేత రంగు ముందు పరిచి, తడి ఆరకముందే నీడలో ముదురు వేసి, మళ్లీ లేత మార్కరుతో రెండింటి అంచునూ కలపాలి. మా ఊరి ఎండల్లో మార్కరు రంగు క్షణాల్లో ఆరిపోతుంది, ఫ్యాను కింద అసలు వద్దు. రంగు కాగితంలో పాకుతుంది కనుక గీతకు ఒక మిల్లీమీటరు ముందే ఆపండి, మిగిలినది తానే నిండుతుంది. వెనుకకు దిగుతుంది కనుక బొమ్మను వేరే కాగితం మీద చేసి, కత్తిరించి కార్డుకు అతికించండి.

చేయి వణికే పెద్దవారికీ, చిన్నపిల్లలకూ ఎంబాసింగ్ గొప్ప సాయం. నెమ్మదిగా ఆరే ఇంకుతో అచ్చు వేసి, తడి ఉండగానే ఎంబాసింగ్ పొడి చల్లి, దులిపి, హీట్ గన్‌తో (బాగా వేడి గాలి వదిలే చేతి యంత్రంతో) వేడి చేస్తే గీత కరిగి గట్టులా లేస్తుంది. నీటి రంగు ఆ గట్టు దాటదు. అచ్చు వేసే ముందే కాగితం మీద ముఖానికి రాసుకునే పౌడరు కాస్త అద్ది తుడిస్తే అక్కడక్కడా అంటుకునే రేణువులు ఉండవు. తల ఆరబెట్టుకునే డ్రయ్యరు పనికిరాదు, దాని గాలికి పొడి ఎగిరిపోతుంది, వేడీ చాలదు. బంగారు పొడితో గట్టు వేసిన చెక్క అచ్చు మామిడి పిందె పట్టు చీర అంచులా వెలుగుతుంది, సీమంతం కార్డులకు నేను ఎక్కువగా అదే వేస్తాను.

ఎన్ని రంగులు?

తక్కువ. కార్డు చిన్నది. పెడన బట్టల మీద చూడండి, మంజిష్ఠ ఎరుపు, దానిమ్మ తొక్క పసుపు, నీలిమందు నీలం, నల్ల గీత. ఆకుపచ్చ కావాలంటే నీలం మీద పసుపు. ఇంత కొద్ది రంగులతో తోటలన్నీ పండిస్తారు. సంక్రాంతి కార్డు మీద గంగిరెద్దు బొంత చూడగానే పెట్టెలోని రంగులన్నీ వేయాలనిపిస్తుంది. బొంతలో ఏ మూడు రంగులు వేశారో ముగ్గులోనూ, ఆకాశంలోనూ అవే తిరిగి రావాలి. కొత్త రంగు నాలుగోది తెచ్చారంటే దానికి కారణం ఉండాలి. ఉగాది కార్డుకు మామిడి తోరణం వేస్తే పాత ఆకుల ముదురు ఆకుపచ్చ మధ్య ఒక్క చిగురు రాగి ఎరుపులో వేయండి, ఆ ఒక్కటీ చాలు.

చుట్టూ తెల్లగా మిగిలిన చోటును నింపకండి. బొమ్మ చుట్టూ కుంచె వెడల్పున లేత నీలం పూసి బయటి అంచును తడితో కరిగిస్తే బొమ్మ గాలిలో నిలిచినట్టు ఉంటుంది. అంతకు మించి వెనుక భాగానికి ఏమీ అక్కరలేదు.

ఇంకో పద్ధతి కూడా చెప్పాలి. గోధుమ లేత ఛాయ ఇంకుతో, కంటికి ఆనీ ఆనకుండా అచ్చు వేసి, రంగుతోనే ఆకారాన్ని నిలబెట్టడం. గీత రంగులో మునిగిపోతుంది, చేత్తో వేసిన బొమ్మలా కనిపిస్తుంది. పైన చెప్పిన నీడా వెలుగూ చేతికి వచ్చాక దీనికి రండి, ఎందుకంటే ఇక్కడ గీత కాపాడదు.

కార్డు కట్టి పంపడం

ఏ5 కాగితాన్ని సగానికి మడిస్తే 10.5 × 14.8 సెంటీమీటర్ల కార్డు. దానికి 11.4 × 16.2 కవరు సరిపోతుంది. మడత పెట్టే ముందు స్కేలు ఆనించి, రాయని బాల్‌పెన్నుతో ఒక గీత ఒత్తితే మందపు కాగితం పగలదు. రంగు వేసిన బొమ్మను వేరుగా కత్తిరించి అతికించేటప్పుడు నీళ్లజిగురు వాడకండి, వెనుక నుంచి తడి ఎక్కి నీటి రంగు మరకలు పడుతుంది. రెండు వైపులా అంటుకునే టేపు మంచిది. వంకరపోయిన బొమ్మను బోర్లించి, వెనుకవైపు తడిగుడ్డతో ఒకసారి తుడిచి, రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి బరువైన పుస్తకాల కింద రాత్రంతా ఉంచితే చదునవుతుంది.

పెన్సిలు రంగు, జెల్ పెన్ను కవరు లోపల రాసుకుని పూసుకుంటాయి. బొమ్మ మీద బటర్ పేపరు ముక్క పెట్టండి. ముత్యాలు, అద్దాలు అతికించిన కార్డు చేతికి ఇవ్వడానికి బాగుంటుంది గాని, తపాలా ముద్ర దెబ్బకు, సంచుల ఒత్తిడికి కవరు చిరుగుతుంది. దూరం వెళ్లే కార్డును చదునుగా ఉంచండి, చిరునామా కూడా నీటికి చెదరని పెన్నుతోనే రాయండి, వానాకాలమైతే మరీ. అచ్చు వేసిన స్టాంపులను అదే పూట తడిగుడ్డతో తుడిచి, చెక్క అచ్చు గీతల మధ్య పాత టూత్‌బ్రష్షు నడిపి, నీడలోనే ఆరబెట్టండి. ఎండలో పెట్టిన చెక్క బీటలు వారుతుంది, రబ్బరు పెళుసెక్కుతుంది.